4 నెలల పాపకి పుట్టుకతోనే గ్లాకోమా అంటున్నారు, శుక్రవారమే ఆపరేషన్ అంట, కొన్నాళ్ళు ఆగొచ్చా?

కూకట్‌పల్లి నాన్న | మంగళవారం రాత్రి 11:40

అందరికీ నమస్తే అండీ. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి ప్లీజ్. మా పాపకి నిన్నటితో 4 నెలలు నిండాయి. పుట్టినప్పట్నుంచీ దాని కళ్ళు పెద్దవి. చూడ్డానికొచ్చిన వాళ్ళందరూ చారెడేసి కళ్ళు, అచ్చం అమ్మవారి కళ్ళు అని మురిసిపోయేవాళ్ళు, మా అత్తయ్య అయితే సాయంత్రం అయ్యేసరికి ఉప్పు మిరపకాయలతో దిష్టి తీయకుండా ఉండేది కాదు. మేమూ అలాగే మురిసిపోయాం.

రెండో నెలలో కళ్ళ వెంట నీళ్ళు కారడం మొదలైంది. పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే కన్నీటి గొట్టం మూసుకుపోయింది, చాలామంది పిల్లలకి ఉండేదే, ముక్కు పక్కన వేలితో మసాజ్ చేయండి, ఏడాది లోపు అదే తెరుచుకుంటుంది అన్నారు. నెలన్నర రోజుకి నాలుగుసార్లు మసాజ్ చేశాం. ఈలోపు ఇంకోటి జరుగుతోంది కానీ మాకు తట్టలేదు, బాల్కనీలోకి తీసుకెళ్తే చాలు కళ్ళు గట్టిగా బిగించేసి మొహం మా ఆవిడ భుజంలోకి దూర్చేసేది, ట్యూబ్‌లైట్ వేస్తే ఏడుపు, ఆపితే ఊరుకునేది. చీకట్లో అయితే హాయిగా ఆడుకునేది. చీకటంటే ఇష్టం కాబోలు అనుకున్నాం. మొన్న ఆదివారం మా బావమరిది ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూపించాడు, కుడి కంటి నల్లగుడ్డు మీద అద్దానికి ఆవిరి పట్టినట్టు మసగ్గా ఉంది. పుట్టిన కొత్తలో ఫోటోలు తీసి పక్కన పెట్టి చూస్తే అప్పుడు లేదు.

సోమవారం పొద్దున్నే కంటి ఆసుపత్రికి పరిగెత్తాం. పుట్టుకతో వచ్చే గ్లాకోమా, రెండు కళ్ళకీ ఉంది, శుక్రవారం మత్తిచ్చి పూర్తిగా పరీక్ష చేసి అదే మత్తులో ఆపరేషన్ కూడా చేసేస్తాం అన్నారు. నాకు బుర్ర పనిచేయలేదు. గ్లాకోమా అంటే మా తాతయ్యకి డెబ్బై ఏళ్ళకి వచ్చిందండీ, పాలు తాగే పిల్లకి రావడమేంటి? ఇంత చిన్నదానికి మత్తు తట్టుకుంటుందా, చుక్కల మందుతో తగ్గదా, కనీసం ఏడాది నిండేదాకా ఆగొచ్చా, అసలు దానికి చూపు ఉంటుందా? ఇంట్లో పెద్దవాళ్ళు ఇంత తొందరెందుకు, ఆగు అంటున్నారు. ఇంకో మాట, మాది మేనరికం, మా ఆవిడ నా సొంత మేనమామ కూతురు. దానివల్లే ఇలా అయిందా అని తను రెండ్రోజులుగా అన్నం కూడా సరిగ్గా తినట్లేదు. ఎవరైనా ఇది దాటొచ్చిన వాళ్ళుంటే చెప్పండి.


నల్గొండోళ్ళ పిలగాడు | బుధవారం ఉదయం 6:05

తమ్మీ, మాది నల్గొండ దిక్కు పల్లె, ఇప్పుడు ఎల్బీనగర్ల ఉంటున్నం. నీ పోస్టు చదువుతుంటె మావోడే యాదికొచ్చిండు. ముందుగాల ఒక్కటే మాట చెప్త, ఆగకు. మేం ఆగినం, అందుకే చెప్తున్న.

మావోనికి మూడో నెలల్నే నీళ్ళు కారుడు షురూ అయింది. ఒక దగ్గర చూపిస్తె చుక్కలు రాసిచ్చిండ్రు, తగ్గలె, ఇంకో దగ్గర చూపిస్తె ఇంకో చుక్కలు, గట్ల గట్ల తొమ్మిది నెలలు నిండినయ్. ఎండకాలం పెండ్లికి పోయినం, షామియానా కింద పిల్లలందరు ఆడుకుంటున్నరు, మావోడు ఒక్కడే వాళ్ళమ్మ కొంగు మొకం మీదికి గుంజుకొని పండుకున్నడు. గప్పుడు పట్నంల నౌకరి చేసే మా పెద్దమ్మ కొడుకు చూసి అన్నా వీని కన్ను తెల్లగైతుంది, ఎవ్వరు చూస్తలేరా అన్నడు. తెల్లారే బస్సెక్కినం. ఎడమ కంటి నరం అప్పటికే చానా ఖరాబైందన్నరు. రెండు కండ్లకు ఆపరేషన్ చేసిండ్రు, ప్రెషర్ అయితె దిగింది కాని పోయిన నరం మళ్ళ రాదు కద. ఇప్పుడు వానికి ఏడేండ్లు, కుడి కంటికి అద్దాలు పెట్టుకొని మంచిగ చదువుతడు, రెండో తరగతి. ఎడమ కంటితోని మాత్రం చెయ్యి ఊపితె తెలుస్తది, అంతే. నాలుగో నెలల పోయి ఉంటె ఆ కన్ను కూడ ఉండునేమో అని నాకు ఇప్పటికి నిద్ర పట్టది కొన్నిసార్లు.

ఆపరేషన్ నాడు ఎట్లుంటదో చెప్త, తయారుగ ఉండు. మత్తుకు ముందు పొట్ట ఖాళీ ఉండాలె, మాకు తల్లిపాలైతె 4 గంటల ముందు, డబ్బా పాలైతె 6 గంటల ముందు బంద్ చెయ్యాలని చెప్పిండ్రు, మీ దవాఖానల ఎట్ల చెప్తె అట్లనే చెయ్యుండ్రి, ఏడుస్తున్నడని ఒక్క చెంచా కూడ పట్టకుండ్రి. ఆకలికి ఏడుస్తడు. గప్పుడు తల్లి ఎత్తుకోవద్దు, పాల వాసనకు ఇంకింత ఏడుస్తడు, నువ్వే ఎత్తుకొని కారిడార్ల తిరుగు. నేను రెండు గంటలు గట్లనే తిరిగిన. లోపలికి తీస్కపోయేటప్పుడు చేతులు ఖాళీ అయితయ్ చూడు, గదొక్కటే ఓర్చుకో.

ఇంకోటి, అంచు ఎడల్పున్న గుడ్డ టోపి ఒకటి కొను. ఆపరేషన్ అయినంక కూడ కొన్ని దినాలు ఎలుగు పడది.


ఈసీఐఎల్ అత్తమ్మ | బుధవారం ఉదయం 9:20

బాబూ నీ పోస్ట్ చదివి కడుపు తరుక్కుపోయింది. నేను చదువుకున్నదాన్ని కాదు గానీ ముగ్గురు పిల్లల్ని పెంచాను. మా పిల్లలకీ చిన్నప్పుడు కళ్ళు నీళ్ళు కారితే చనుబాలు రెండు చుక్కలు కంట్లో పిండేవాళ్ళం, తగ్గిపోయేది. 4 నెలల పసిగుడ్డు కంట్లో కత్తి పెట్టడం అంటే నాకైతే మనసొప్పట్లేదు. ఇంకో ఇద్దరు డాక్టర్లకి చూపించండి, ఏడాది నిండనివ్వండి, కాస్త ఒళ్ళు చేస్తే తట్టుకుంటుంది.


కళ్ళజోడు పని | బుధవారం మధ్యాహ్నం 1:15

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని, సిటీలోనే పిల్లల కంటి విభాగంలో పనిచేస్తున్నాను. డాక్టర్‌ని కాదు, పాపని నేను చూడలేదు, మీ సర్జన్ మాటే ఫైనల్. కానీ ఏడాది ఆగడం అనే మాట చూసి రాయకుండా ఉండలేకపోతున్నాను.

అమ్మా, మీరు ప్రేమతోనే చెప్పారు, నాకు తెలుసు. మీ పిల్లలకి తగ్గింది ఎందుకంటే అది నిజంగానే కన్నీటి గొట్టం సమస్య అయ్యుంటుంది, అది ఎక్కువమందికి మసాజ్‌తోనో దానంతట అదో ఏడాది లోపు సర్దుకుంటుంది. దాంట్లో నీళ్ళు కారతాయి, పుసి కడుతుంది, రెప్పలు అంటుకుంటాయి, కానీ పిల్ల వెలుగుని చూసి మొహం దాచుకోదు, నల్లగుడ్డు పెద్దదవదు, మసకబారదు. నీళ్ళు కారడంతో పాటు వెలుగు పడకపోవడం, కళ్ళు బిగించేయడం కలిసి వచ్చాయంటే అది గొట్టం కాదేమోనని ముందు అనుమానించాలి. కళ్ళల్లో చనుబాలు మాత్రం వేయకండి, ఏ కారణానికైనా సరే. అందులోనూ రెండు రోజుల్లో ఆపరేషన్ ఉన్న కంట్లో ఇన్ఫెక్షన్ వస్తే ఆపరేషనే వాయిదా పడుతుంది.

కూకట్‌పల్లి నాన్న గారూ, తాతగారికి వచ్చినదాన్ని మన పెద్దవాళ్ళు నీటికాసులు అంటారు, పేరు ఒకటే కానీ దారి వేరు. కంటి లోపల ఎప్పుడూ ఒక నీరు ఊరుతూ ఉంటుంది, నల్లగుడ్డు అంచు చుట్టూ లోపలివైపు జల్లెడ లాంటి భాగం ఉంటుంది, ఆ నీరు అందులోంచి బయటికి పోవాలి. పాప కడుపులో ఉన్నప్పుడు ఆ జల్లెడ సరిగ్గా తయారు కాలేదు. నీరు ఊరుతూనే ఉంది, పోయే దారి లేదు, ప్రెషర్ పెరుగుతుంది. పెద్దవాళ్ళ కన్ను గట్టిపడిపోయి ఉంటుంది కాబట్టి సాగదు, పసిపిల్లల కన్ను మెత్తన, ప్రెషర్‌కి బెలూన్‌లాగా సాగుతుంది. మీరందరూ మురిసిపోయిన ఆ పెద్ద కళ్ళు అలా సాగినవే. పుట్టిన పిల్లల నల్లగుడ్డు అడ్డం కొలిస్తే సుమారు 10 మిల్లీమీటర్లు ఉంటుంది, ఏడాది లోపు 12 దాటితే మేం జాగ్రత్తపడతాం. సాగినప్పుడు లోపలి పొర చీలి నీరు నల్లగుడ్డులోకి దిగుతుంది, మీ బావమరిది ఫోటోలో కనిపించిన ఆవిరి అదే. వెలుగు పడకపోవడానికీ కారణం అదే.

ఇప్పుడు ఆగడం సంగతి. ఈ జబ్బుకి అసలు చికిత్స ఆపరేషనే. చుక్కలు వేస్తారు, ఆపరేషన్ దాకా ప్రెషర్‌ని కొంచెం పట్టి ఉంచడానికి, నల్లగుడ్డు కాస్త తేటపడటానికి, అంతే తప్ప మూసుకున్న దారి చుక్కలతో తెరుచుకోదు. ఆగిన ప్రతి నెలా నరం మీద బరువు పడుతూనే ఉంటుంది. ఇంకొకటి, బిడ్డ మెదడు చూడటం నేర్చుకునేది ఈ నెలల్లోనే, మసక బొమ్మే వెళ్తూ ఉంటే కంటిని బాగుచేసినా మెదడు ఆ కంటిని వాడుకోవడం మానేస్తుంది. ఒక హెచ్చరిక గట్టిగా చెప్తున్నాను, ఇంట్లో తాతయ్య గ్లాకోమా చుక్కలు ఏవైనా ఉంటే పాపకి ఎట్టి పరిస్థితుల్లోనూ వేయకండి. వాటిలో బ్రిమోనిడిన్ అనే మందు రెండేళ్ళలోపు పిల్లలకి వేస్తే ఊపిరి మందగిస్తుంది, స్పృహ తప్పుతుంది. డాక్టర్ రాసిన సీసా తప్ప ఇంకోటి ముట్టుకోవద్దు.

మత్తిచ్చి చేసే పరీక్షని మేం ఈయూఏ అంటాం. మెలకువగా ఉన్న పిల్ల కంటి ప్రెషర్ సరిగ్గా రాదు, ఏడిస్తే పెరిగిపోతుంది, అందుకే మత్తు. ప్రెషర్, నల్లగుడ్డు కొలత, కన్ను పొడవు, నరం ఎంత గుంటపడింది, అన్నీ అప్పుడే చూస్తారు. మన దగ్గర పిల్లలు వచ్చేసరికే నల్లగుడ్డు మసకబారి ఉంటుంది కాబట్టి ట్రాబెక్యులాటమీ, ట్రాబెక్యులెక్టమీ రెండూ కలిపి చేసే పద్ధతి ఎక్కువ, అంటే మూసుకున్న దారిని తెరవడం, పక్కన ఇంకో దారి పెట్టడం. ఒకే మత్తులో రెండు కళ్ళకీ చేయడం ఇక్కడ కొత్తేం కాదు. బంజారాహిల్స్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో డాక్టర్ అనిల్ కుమార్ మండల్ గారు ఈ జబ్బు మీదే ఏళ్ళ తరబడి పనిచేశారు, రెండు కళ్ళకీ ఒకేసారి చేసిన పిల్లల ఫలితాలు ప్రచురించారు కూడా, ఆయనకి 2003లో సైన్స్ పరిశోధనకి ఇచ్చే భట్నాగర్ బహుమతి వచ్చింది. మన నేల మీద ఇది అంత అరుదు కూడా కాదండీ, పాశ్చాత్య దేశాల్లో పుట్టే 10,000 మందిలో ఒకరికి అంటారు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లెక్క తీస్తే సుమారు 3,300 మందిలో ఒకరికి అని తేలింది. కాబట్టి ఈ ఊళ్ళో పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఇలాంటి పిల్లల్ని బాగా చూసిన చేతులు ఉన్నాయి.

చూపు ఎంత ఉంటుందో నేనే కాదు, పాపని చూడకుండా ఎవరూ చెప్పలేరు. నల్లగుడ్డు ఎంత తేటపడుతుంది, నరం ఎంత మిగిలింది, తర్వాత అద్దాలు ఎంత శ్రద్ధగా పెడతారు, ఈ మూడింటి మీద ఉంటుంది. పసిపిల్లల్లో ప్రెషర్ దిగాక నరం గుంట కొంత పూడటం నేను చూశాను, పెద్దవాళ్ళలో అది అంతగా కనపడదు. ఒకసారి ఆపరేషన్‌తో అయిపోయింది అనుకోకండి, జీవితాంతం చెకప్‌లు ఉంటాయి, కొందరికి మళ్ళీ ఆపరేషన్ పడుతుంది.


సైనిక్‌పురి అమ్మ | బుధవారం రాత్రి 10:30

బ్రదర్, ఇది మీకు కాదు, మీ ఆవిడకి రాస్తున్నాను, ఫోన్ తన చేతికివ్వండి.

చెల్లీ, మాదీ దగ్గరి సంబంధమే, మా ఆయన మా మేనత్త కొడుకు. మా పెద్దోడికి ఇదే జబ్బు, ఆరో వారంలో ఆపరేషన్ అయ్యింది. నేను కూడా నీలాగే ఏడ్చాను, గర్భంతో ఉన్నప్పుడు ఏం తిన్నానా, గ్రహణం చూశానా, సెల్‌ఫోన్ పక్కన పెట్టుకుని పడుకున్నానా అని ప్రతిదీ తవ్వుకున్నాను. అవేవీ కాదు. జెనెటిక్ కౌన్సెలింగ్‌కి వెళ్తే కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పారు. సీవైపీ1బీ1 అనే జీన్ ఉంది, 1997లో ఈ జబ్బుకి దాని లింకు కనిపెట్టారంట, మన దేశంలో ఈ పిల్లల్లో ఎక్కువగా దొరికేది అదే. ప్రతి జీన్ మనకి రెండు కాపీలు ఉంటాయి, ఒకటి పాడైనా ఏం కాదు, మనకి తెలియను కూడా తెలియదు. ఆ పాడైన కాపీ తాతనుంచో ముత్తాతనుంచో ఇద్దరికీ వచ్చి, ఇద్దరి దగ్గర్నుంచీ అదే బిడ్డకి వస్తే జబ్బు. చుట్టరికంలో చేసుకుంటే ఇద్దరి దగ్గరా అదే కాపీ ఉండే అవకాశం ఎక్కువ, అంతే, బయట సంబంధాలు చేసుకున్న వాళ్ళకీ వస్తుంది. ఇందులో నీ తప్పు ఎంతో మీ ఆయన తప్పు అంతే, అంటే ఏమీ లేదు. పెళ్ళి కుదిర్చినప్పుడు నీకు ఈ జీన్ గురించి ఎవరు చెప్పారు గనక.

కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ఇద్దరూ ఆ కాపీ ఉన్నవాళ్ళే అయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మా చిన్నది పుట్టిన మూడో రోజే కళ్ళు చూపించాం, బాగున్నాయన్నారు, అయినా ఏడాది దాకా తీసుకెళ్ళాం. నీకు ఇప్పుడు దాని గురించి ఆలోచించే ఓపిక ఉండదు, ఉండక్కర్లేదు. తర్వాత ఒకసారి కౌన్సెలింగ్‌కి వెళ్ళండి ఇద్దరూ.

ఆపరేషన్ కన్నా ఆ తర్వాతదే కష్టం అని నా అనుభవం. మావాడికి 8 నెలలకి అద్దాలు వచ్చాయి, పీకేవాడు, మళ్ళీ పెట్టేదాన్ని, పీకేవాడు. వెనక ఎలాస్టిక్ పట్టీ ఉన్న ఫ్రేమ్ తీసుకో. రెండేళ్ళప్పుడు బాగున్న కంటికి రోజూ ప్యాచ్ వేయమన్నారు, బలహీనంగా ఉన్న కన్ను పనిచేయాలని. ప్యాచ్ వేసిన నిమిషం నుంచి ఏడుపే. ఒకరోజు వాడి బెల్లం పల్లీపట్టీ ముక్కలు నల్ల ప్లేట్లో పరిచి, ప్యాచ్ ఉన్నప్పుడు మాత్రమే ఆ ప్లేటు అని రూల్ పెట్టాను. మొదటి వారం వెతుక్కుంటూ చేత్తో తడిమేవాడు. నెల తిరిగేసరికి చూసి తీసుకునేవాడు, వేలితో టక్కున. ఆ రోజు నేను వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను, అది మాత్రం వేరే ఏడుపు.

అన్నం తిను చెల్లీ. పాలు నువ్వే ఇవ్వాలి.


మెహిదీపట్నం మామయ్య | గురువారం ఉదయం 7:45

డబ్బు సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి నాలుగు ముక్కలు. తెల్ల కార్డు ఉంటే ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఎక్కడుందో అడిగి ముందే మాట్లాడుకోండి, ఆపరేషన్ రోజు కాదు, ఇవాళే. మెహిదీపట్నం సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఎలాగూ ఉంది. ఎల్వీ ప్రసాద్‌లో కట్టలేని వాళ్ళకి ఉచితంగా చూసే పద్ధతి 1987లో పెట్టినప్పట్నుంచీ ఉంది, అడగడానికి మొహమాటపడొద్దు. పాప ఆధార్ లేకపోతే బర్త్ సర్టిఫికెట్, మీ ఆధార్, పాత చీటీలన్నీ ఒక కవర్లో పెట్టుకోండి. ఆ మసాజ్ రాసిన చీటీ కూడా, తారీఖులు పనికొస్తాయి. జలుబు, దగ్గు, జ్వరం ఏమాత్రం ఉన్నా మత్తు డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.


కూకట్‌పల్లి నాన్న | గురువారం రాత్రి 9:10

అందరికీ చేతులెత్తి దండం. మా ఆవిడ సైనిక్‌పురి అక్క రాసింది మూడుసార్లు చదివింది, చదివాక పెరుగన్నం తింది. మా అత్తయ్యకి ఆప్టోమెట్రిస్ట్ గారు రాసిన బెలూన్ ముక్క చదివి వినిపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత అయితే రేపే వెళ్దాం అంది. ఆగట్లేదు. తాతయ్య చుక్కల సీసా ఫ్రిజ్‌లోంచి తీసి ఆయన గదిలో పెట్టేశాను.


కూకట్‌పల్లి నాన్న | మూడు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:30

ఆలస్యంగా అప్‌డేట్ ఇస్తున్నందుకు క్షమించండి, రోజుకి ఇన్నిసార్లు చుక్కలు, మధ్యలో ఉద్యోగం, నిద్ర లేదు.

ఆ శుక్రవారం రెండు కళ్ళకీ చేశారు. ప్రెషర్ కుడికి 30, ఎడమకి 26 ఉందంట, నల్లగుడ్లు 13, 12.5 మిల్లీమీటర్లు. నరం కొంత గుంటపడింది కానీ చాలా మిగిలే ఉంది, సరైన టైమ్‌కే వచ్చారు అన్నారు సర్జన్ గారు. నల్గొండ అన్నా, మీరు చెప్పినట్టే పొద్దున నాలుగింటి నుంచి నేనే ఎత్తుకుని తిరిగాను, చేతులు ఖాళీ అయినప్పుడు మీ మాటే గుర్తొచ్చింది. మర్నాడు కట్లు విప్పినప్పుడు కళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి, చూసి భయపడ్డాం, అది మామూలే అన్నారు. రాత్రి చేత్తో రుద్దుకోకుండా ప్లాస్టిక్ కవచాలు ఇచ్చారు, చేతులకి గుడ్డ సంచులు కుట్టింది మా అత్తయ్య.

ఎడమ కన్ను తేటపడింది. కుడి కంట్లో ఇంకా సన్నగా గీతల్లా కనిపిస్తున్నాయి, లోపలి పొర చీలిన గుర్తులు, అవి ఉండిపోతాయంట, వాటివల్ల అద్దాలు పడొచ్చు అన్నారు. వచ్చే వారం మళ్ళీ ఈయూఏ ఉంది, ప్రెషర్ ఎంతుందో అప్పుడు తెలుస్తుంది, అదే భయంగా ఉంది.

మొన్న మంగళవారం పొద్దున మా ఆవిడ పాపని ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది, కర్టెన్ వేయడం మర్చిపోయింది. ఆవిడ స్టీలు గ్లాసుతో నీళ్ళు తాగుతుంటే పాప ఆ గ్లాసునే చూస్తోంది, పైకి ఎత్తితే పైకి, కిందికి దించితే కిందికి. ఎండ పడుతోంది దాని మొహం మీద. మొహం తిప్పుకోలేదు. నన్ను పిలిచి చూడు చూడు అంటూ గ్లాసు అటూ ఇటూ తిప్పుతూనే ఉంది, నీళ్ళన్నీ చీర మీద.

కానీ పూర్తి ఎండలోకి తీసుకెళ్తే ఇంకా చికిలిస్తోంది. నల్గొండ అన్నా, ఆ అంచు టోపీ ఎక్కడ కొన్నారు? ఇక్కడ షాపుల్లో దొరికేవన్నీ దాని తలకి పెద్దవైపోయి కళ్ళ మీదికి జారుతున్నాయి.


నల్గొండోళ్ళ పిలగాడు | ఆదివారం సాయంత్రం 6:02

కొనలేదు తమ్మీ, మా అమ్మ పాత కాటన్ చీరతోని కుట్టింది. తల చుట్టుకొలత చెప్పు, మా ఇంటామె కుడ్తనంటుంది. గవ్వలు గివ్వలు పెట్టకుండ మెత్తగ కుడ్తది, గదుమ కింద కట్టుకునే తాడు పెట్టి.